చిన్నమ్మ తిన్న పుప్పొడి

మొన్న క్లినిక్‌లో నా వంతు కోసం కూర్చుంటే, పక్కనున్నావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి చూపించింది. తేనెటీగల పుప్పొడి అట, ఆఫీసు ఒత్తిడితో వచ్చే నీరసానికి మంచిదట. "వాసన చూడండి" అంటూ మూత తీసింది. ఎండుగడ్డీ పులిసిన పిండీ కలిసినట్టున్న ఆ వాసన తగలగానే లేచి బయటికి వచ్చేశాను. ఆవిడ ఏమనుకుందో పాపం.

తొంభైల్లో డిగ్రీ చదివేటప్పుడు, చిట్కుల్‌లో మా అమ్మ చెల్లెలి ఇంట్లో ఉండి పటాన్‌చెరు కాలేజీకి వెళ్లేదాన్ని. అప్పటికే ఆమె భర్త, మా చిన్నాయన, బావిలో నీళ్లు చుట్టుపక్కల కంపెనీలు వదిలే మురుగు పుణ్యమా అని టీ రంగుకు తిరిగాయి. వరి వేస్తే నాటిన చోటే మాడిపోయేది. పొలం సాగు లేక పడావు పడ్డాక, చిన్నమ్మ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి కుదిరింది. వారానికోసారి మారే షిఫ్టు, పొద్దంతా నిలబడే పని, తల తిప్పితే సూపర్‌వైజరు అరుపు, ఎప్పుడు రావద్దంటారో తెలియని కాంట్రాక్టు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గోడకానుకుని కూలబడేది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, జబ్బేమీ లేదు, అంతా టెన్షన్, విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. రోజూ వేల గోళీలు డబ్బాలకెత్తే మనిషికి ఆ ఒక్క మందే దొరకలేదు.

అప్పుడు చిన్నాయన వైద్యం మొదలుపెట్టాడు. తేనె తీయడంలో ఆయన దిట్ట. తుట్టెలో తేనె లేని గదుల్లో ఈగలు కుక్కిపెట్టుకునే పుప్పొడిని పుల్లతో గీకి తెచ్చేవాడు. పొద్దున్నే పాలల్లో కలిపి ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కాంపౌండరులా ఎదురుగా నిలబడేవాడు.

"మా అవ్వ గిదే తినిపిచ్చేది. నాట్లేసి ఒళ్లు హూనమైనోళ్లు గూడ లేచి కూసునేటోళ్లు. జెర ఓపిక పట్టు" అనేవాడు. నాలుగు వారాలు తిరిగేసరికి చిన్నమ్మ నవ్వుతూ వంట చేయడం మొదలుపెట్టింది. చిన్నాయన మీసం మళ్లీ దువ్వుకున్నాడు.

ఒకరోజు బట్టలు ఉతుకుతూ ఆమె నాతో మెల్లగా అంది. "ఏం పని జేస్తలేదే. నోరు చేదయితున్నది, గంతే. మీ చిన్నాయనకు చెప్పకు."

"మరెందుకు తింటున్నవ్?"

"బాయి పాడైనంక ఆయనకు వేరే పనేమున్నది? నాకోసం తిరుగుతున్న అని సంబురపడుతుండు. గది గూడ గుంజుకోమంటవా?"

నేను చెప్పనన్నాను. చెప్పలేదు కూడా.

వాగు పక్క చెట్లు ఎండిపోయి తుట్టెలు దొరకడం తగ్గింది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ డ్యూటీ నుంచి వచ్చి చాప మీద వాలింది. చిన్నాయన గుమ్మంలో నిలబడి "ఇప్పుడెట్లున్నది?" అని అడిగాడు. "మస్తున్నది" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. "పుప్పొడి డబ్బా ఖాళీ అయింది. మూతబడ్డ కంపెనీలున్న నీళ్ల ట్యాంకు కింద పెద్ద తుట్టె ఉన్నది. పొద్దుగూకకముందే వస్త" అని గోనెసంచి సైకిలుకు కట్టుకున్నాడు. నేను అక్కడే పరీక్షకు చదువుకుంటున్నాను. వద్దనడానికి ఒక్క మాట చాలు. తలెత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆ కంపెనీ వాచ్‌మన్ పరుగున వచ్చాడు. ఇనుప నిచ్చెన మీదుండగా ఈగలు లేచాయట. అంతెత్తు నుంచి పడ్డాడు. మేం వెళ్లేసరికి ప్రాణం లేదు. ముఖం ఎంత వాచిపోయిందంటే, చిన్నమ్మ మొదట ఆయన చేతులు పట్టి చూసింది, తర్వాతే ఏడ్చింది.

దినాలు కాగానే ఆమె మళ్లీ డ్యూటీకి వెళ్లింది. వెళ్లకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పెడతారు. నీరసం అలాగే ఉంది. ఇప్పుడు ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు.

చాలా ఏళ్లకు, నా పెళ్లయి పిల్లలు పుట్టాక, చిన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి అంది. "నేనంటే చెప్పలేకపోయిన. నువ్వన్న చెప్పకపోతివి." కోపంగా అనలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది.

అప్పటి చిన్నమ్మ వయసు నేను దాటి చాలా కాలమైంది. ఆ రోజు ఏ పరీక్షకు చదివానో కూడా గుర్తు లేదు. నేను తలెత్తని ఆ ఒక్క నిమిషం మాత్రం, ఇన్నేళ్లలో ఇంకా గడిచిపోలేదు.