గోడ దాటిన ఫోను తీగ

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన మొదటి ఎండాకాలం దానికీ నాకూ ఒక్కరోజు కూడా పడలేదు. ఆర్మూరులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి నేను. విద్యుత్ వలయాలు బోర్డు మీద కళ్ళు మూసుకుని గీసేవాణ్ణి. అలాంటి నా ఇంట్లోనే లైను నిలవడం లేదంటే నలుగురిలో ఎంత నామోషీ!

ఆ రోజుల్లో నెట్ ఫోను తీగలోంచే రావాలి. మోడెమ్ అని ఒక నల్ల డబ్బా ఇచ్చారు. దాని మీద పచ్చ లైటు నిలకడగా వెలిగితే నెట్ ఉన్నట్టు, మిణుకుమంటే పోయినట్టు. మా లైటుకు మిణుకుమనడమంటేనే ఇష్టం. ఈరోడ్‌లో పసుపు ధర ఎంత పలుకుతోందో ఇంట్లో కూర్చునే చెబుతానని పెర్కిట్ రైతుల ముందు నోరు జారింది నేనే. వాళ్ళు మధ్యాహ్నం వచ్చి వరండాలో కూర్చునేవారు. పేజీ సగం తెరుచుకునేది, ధర దగ్గరికి వచ్చేసరికి తెల్లమొహం వేసేది.

"సారూ, నీ కంప్యూటర్ కన్న మార్కెట్ల మా అడ్తిదారే నయ్యం. అబద్ధమో నిజమో, ఏదో ఒక ధర అయితే జెప్తడు" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మంట సాయంత్రం దాకా చల్లారలేదు.

లైన్‌మన్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి స్తంభం దగ్గర అతుకు మార్చాడు. రెండోసారి మోడెమ్ వేడెక్కుతోందని దాని కింద రెండు పెన్నులు పెట్టించాడు. మూడోసారి, "కంప్యూటర్ల వైరస్ ఉంటది సార్. లైనైతే మస్తుగున్నది" అని తేల్చేశాడు. ప్రతిసారీ మాట్లాడే ముందు ఒకసారి మా అమ్మ వైపు చూసేవాడు. ఇంకో చాయ్ కోసమేమో అనుకున్నాను.

పోతూ పోతూ, "ఎప్పుడెప్పుడు పోతున్నదో టైము రాసి పెట్టుండ్రి సార్" అన్నాడు. నన్ను వదిలించుకోవడానికే అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పెద్ద పరిశోధన దొరికినట్టు పొంగిపోయాను. సెలవులు, భార్యాపిల్లలు బాల్కొండలో వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళారు, నాకు వేరే పనేముంది? పొడుగు నోట్‌బుక్కులో గళ్ళు గీసి, నెట్ పోయిన సమయం, వచ్చిన సమయం రాయసాగాను. రోజుకు ఐదుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు. మర్నాడూ దాదాపు అవే వేళలు. ఫ్రిజ్ వల్లనేమో అని దాన్ని ఆపి చూశాను. నెట్ బాగుపడలేదు గానీ పాలు విరిగిపోయాయి. ఒకసారి ఫోను మోగితే ఉరికి ఎత్తాను. అవతల ఎవరూ పలకలేదు, పెట్టేశారు. అదీ లైను జబ్బే అని ఎర్రసిరాతో రాసుకున్నాను.

ఇంతలో అమ్మ దొంకేశ్వర్‌లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళింది, మూడు రోజులకని. ఆమె బస్సెక్కిందో లేదో నేను స్టూలెక్కాను.

గుమ్మం పైన, స్తంభం నుంచి వచ్చిన తీగలు కలిసే చిన్న పెట్టె ఉంది. మూత తీస్తే రెండు తీగలుండాల్సిన చోట నాలుగున్నాయి. ఎక్కువైన జత కిందికి దిగి, బట్టలారేసే తాడుకు చుట్టుకుని, పక్కింటి గోడ వైపు పోతోంది. ఆ తాడు మీద ఎప్పుడూ అమ్మ చీర ఒకటి ఆరుతూ ఉండేది కాబట్టి నా కంట పడలేదు. ఎప్పటిదో పాత తీగ, ఊరికే వేలాడి లైను చెడగొడుతోందని తీర్మానించేశాను. తీగ అన్నాక రెండు కొసలూ చూడండిరా అని పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. నేను ఒక్క కొసే చూశాను. కటింగ్ ప్లేయర్ పెట్టి కోసేసి, చుట్ట చుట్టి మూలన పడేశాను.

పచ్చ లైటు నిలబడింది! ఐదు నిమిషాలైనా, గంటైనా కదల్లేదు. ఈరోడ్ ధర, సాంగ్లీ ధర, మన నిజామాబాద్ ధర, అన్నీ వరసగా చదివి వినిపించాను. "ఇప్పుడు సారనిపించుకున్నవ్" అన్నాడు పెర్కిట్ పెద్దాయన. ఆ పూట నాకు అన్నం కూడా ఎక్కువ సయించింది.

మర్నాడు పొద్దున పక్కింటి ఆపా గేటు దగ్గరికి వచ్చింది. గోడకు అవతల ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టే మనిషి. ఆపా అంటే వాళ్ళ భాషలో అక్క. గల్లీ అంతా అలాగే పిలిచేది.

"అమ్మ ఎప్పుడొస్తది సార్?"

"ఎల్లుండి ఆపా. ఏమన్న పనున్నదా?"

"ఏం లేదు సార్, ఊకెనే."

మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. అదే ప్రశ్న. నేను తెర మీంచి తల కూడా ఎత్తలేదు. "జెప్పిన గద ఆపా, ఎల్లుండని" అన్నాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు శుక్రవారం. పగలు పన్నెండు దాటాక ఫోను మోగింది. హలో అన్నాను. జవాబు లేదు. సన్నటి హోరు, అందులో ఎవరిదో ఊపిరి. అప్పుడు నేను మంచి రాజఠీవిలో ఉన్నాను మరి.

"నోరు లేదా? మాట్లాడనోనికి ఫోనెందుకు? ఇంకోసారి గీ నంబరుకు జేసినవంటే పోలీసోళ్ళకు జెప్తా!"

అవతల పెట్టేశారు. నోట్‌బుక్కులో ఎర్రసిరాతో ఇంకో గీత గీశాను.

శనివారం అమ్మ వచ్చింది. చేతిసంచి కింద పెట్టకముందే ఆమె చూపు తాడు మీదికి పోయింది.

"గా వైరేది?"

"కోసేసిన. గదే నెట్‌ను చంపుతుండె."

అమ్మ తిట్టలేదు. మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె తిట్టకపోతేనే నాకు భయం.

ఆపాకు ఒక తమ్ముడున్నాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, మిషను తొక్కి వాణ్ణి పెంచింది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలియని మిగతాది అప్పుడు అమ్మ చెప్పింది. వాడు మస్కట్ పోతానన్నప్పుడు ఆమెకు ఇష్టం లేదట. బస్సెక్కే పూట కోపంలో, "పోతే పో, మల్ల నాకు మొకం చూపియ్యకు" అన్నదట. వాడు ఆ మాట పట్టుకుని పోయాడు. రెండేళ్ళయినా ఉత్తరం లేదు, కబురు లేదు.

"వానికి ఎరుకున్నది మన నంబరొక్కటే. బడికి పోయేటప్పటి నుంచి వాళ్ళకు ఫోనంటే మనదే గదా" అంది అమ్మ. "మూడు నాలుగు శుక్రవారాలు, అక్కడ సెలవు గదా, ఫోనొచ్చింది, పలుకు లేదు. నేను, బిడ్డా నువ్వేనా అంటె పెట్టేసిండు. వానికి కావల్సింది నా గొంతు గాదురా. గందుకే దసరా అయినంక లైన్‌మన్‌తోని ఆమె ఇంట్లకు వైరు గుంజిపిచ్చిన. నీకు వినపడకుండ ఆమె ఫోను గంట బంద్ పెట్టిపిచ్చిన. మన ఫోను మోగుడు కిటికీల నుంచి వింటది, తనది ఎత్తుతది. మొన్నొకసారి వస్తె, ఆమె ఎత్తేలోపే నువ్వు ఉరికి ఎత్తినవ్."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తె రూల్సు జెప్తవ్."

అది నిజమే, నేను రూల్సు చెప్పే మనిషినే. అయినా ఊరుకోక, "మరి రోజుకు ఐదుసార్లు ఎందుకు ఎత్తుతది?" అని అడిగాను.

"నమాజైనంక ఒకసారి ఎత్తి జూస్తది, టోనున్నదా లేదా అని. గంతే. గంత మాత్రానికి నీ నెట్టు పోతదని మాకేమెరుక?"

నోట్‌బుక్కు తెరిచాను. తెల్లవారుజామున, పగలు, పొద్దు వాలినప్పుడు, దీపాలవేళ, రాత్రి భోజనాల తర్వాత. ప్రతి గీతకు ముందు నేను మసీదులోంచి అజాన్ విన్నాను. విని, గడియారం చూసి, శ్రద్ధగా టైము రాసుకున్నాను. అంతకన్నా బుద్ధిహీనుడు ఇంకెక్కడైనా ఉంటాడా? శుక్రవారం నాటి ఎర్రగీత గుర్తొచ్చి, ఫోనులో అన్న మాటలు అమ్మకు చెప్పాను.

అమ్మ అంది: "వాళ్ళక్క ఒకసారి రావద్దన్నది. ఇప్పుడు నువ్వన్నవ్."

నేనే వెళ్ళాను. ఆపా మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన చిన్న స్టూలు మీద ఫోను, దాని మీద ఆమె కుట్టిన పూల గుడ్డ. తీగ కోసిందీ, ఫోనులో అరిచిందీ, పోలీసుల మాట కూడా దాచకుండా చెప్పాను.

"మీ ఫోను మోగుడు ఇన్న సార్. ఎత్తిన. అండ్ల ఏం లేకుండె" అంది. తిట్టినా బాగుండేది.

మిషను మీది దారం తెంపి, "ఊపిరి తీసుకునే చప్పుడేమన్న ఇనొచ్చిందా సార్?" అని అడిగింది.

"ఇనొచ్చింది ఆపా."

"అయితే మంచిగనే ఉన్నడు" అని మళ్ళీ గుడ్డ సూది కిందికి తోసింది.

ఆ సాయంత్రమే లైన్‌మన్‌ను పిలిపించాను. తల దించుకునే వచ్చాడు. "ఎవరికీ జెప్పొద్దని అమ్మ ఒట్టు ఏపిచ్చుకున్నది సార్, నేనేం జేద్దు?" అన్నాడు. ఫోను మాటనూ నెట్‌నూ వేరు చేసే స్ప్లిటర్ అని ఒక తెల్ల డబ్బా ఉంటుంది. అది మా ఫోనుకు మాత్రమే ఉంది. ఆపా తీగ దానికి ముందు నుంచి పోతోంది కాబట్టి ఆమె ఎత్తినప్పుడల్లా నెట్ పడిపోయేది. ఆ డబ్బాను రెండు తీగలూ చీలకముందే బిగిస్తే సరి. పది నిమిషాల పని! పాలు విరిగాయి, నా పరువు పోయింది, ఒక మనిషి ఆశ తెగింది, అంతా ఈ పది నిమిషాల పనికే.

అప్పటినుంచి ఆపా ఎత్తేదాకా ఫోను ముట్టుకోకూడదని మా ఇంట్లో నేనే రూలు పెట్టాను. ఆమె విని, తనకు కాకపోతే కిటికీలోంచి కేకేసేది. ఎంతసేపటికీ పలకరేమిటని చుట్టాలు అలిగారు. అలగనీ అనుకున్నాను. తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు. ఈరోడ్ ధర అడగడానికి వచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేసి, ఫోనుకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. నా నోటి దురుసుతో ఒక అక్కకు తమ్ముణ్ణి శాశ్వతంగా దూరం చేశానేమోనని భయం పట్టుకుంది.

బడి తెరిచే ముందు వచ్చిన ఆఖరి శుక్రవారం మోగింది. ఒకటి, రెండు, మూడో గంట మధ్యలో ఆగిపోయింది. ఆపా ఎత్తింది. నేను మెల్లగా మా రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాను. దొంగతనంగా వినడం తప్పే. వినకుండా ఉండడం నా వల్ల కాలేదు.

అదే హోరు, అదే ఊపిరి. ఆపా హలో అనలేదు. పేరు పెట్టి పిలవలేదు, ఏడవలేదు. బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది:

"ఖానా ఖాయా రే?"

పెట్టేశాడనుకున్నాను. తర్వాత బరువైన మగగొంతు ఒకటి, ఒక్కో మాటా వెతుక్కుంటూ వచ్చింది.

"నై ఆపా... అభీ నై ఖాయా."

ఇంకా తినలేదట. నేను రిసీవర్ చప్పుడు కాకుండా పెట్టేశాను. కళ్ళు తుడుచుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ, "ఎవర్రా ఫోనుల?" అని కేకేసింది.

"మనకు గాదమ్మా" అన్నాను.