ఆ స్కాన్ నిజమే చెప్పింది

ఇన్నేళ్లూ ఈ మాట దాచుకున్నాను. మీరు నన్ను ఎరుగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఒక అబద్ధం ఆడాను. దాని ఫలితం మా అక్క అనుభవించింది.

మా ఇద్దరికీ పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే. తిండిలోని రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే గోలీని ఖాళీ కడుపుతో వేసుకొని గంటసేపు ఏమీ తినకూడదు. నేను గోదావరిఖనిలో గని కార్మికుణ్ని. మొదటి షిఫ్టు అంటే తెల్లారకముందే నాలుగు ముద్దలు తిని పరుగెత్తాలి. రాత్రి షిఫ్టు అయితే తిండికీ నిద్రకీ వేళే ఉండదు. గోలీ జేబులో వేసుకునేవాణ్ని, తర్వాత పారేసేవాణ్ని. ఒంట్లో బాగానే ఉంది కదా అని ధీమా.

అప్పుడే పట్నంలో ఒక దవాఖానలో పరిశోధన మొదలైంది. రాగి పేరుకున్న చోటు స్కాన్‌లో మెరిసేలా చేసే కొత్త కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌ను పరీక్షిస్తున్నారు. అక్కే నన్ను వెంటబెట్టుకొని పోయింది. నా కాలేయం తెల్లగా మెరిసింది.

“మందు రోజూ వేసుకుంటున్నావా?” డాక్టర్ అడిగారు.

“ఏసుకుంటున్న సార్. ఒక్కనాడు గూడ తప్పలె.”

“మా తమ్ముడు అవద్దమాడడు సార్,” అంది పక్కనే కూర్చున్న అక్క.

నేను తలూపాను. ఆమె అక్కడ లేకుంటే నిజం చెప్పేవాణ్నా? ఏమో, అదీ నాకు నేను చెప్పుకునే సాకేనేమో. డాక్టర్ నన్ను నమ్మారు, ఇంజెక్షన్‌ను అనుమానించారు. తర్వాత అక్క కాలేయమూ అలాగే మెరిసింది. ఆమె ఒక్క పూటా మానలేదు, ఆ మందే ఆమెకు సరిపోవడం లేదు. కానీ ఇంజెక్షన్ తమ్ముడికీ ఇలాగే తప్పు చూపించింది కదా అని వాళ్లు మందు మార్చలేదు. కొన్నాళ్లకు అక్క చేతులు వణకడం మొదలైంది. జాకెట్లు కుట్టి బతికే మనిషి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. వేరే పరీక్షల్లో సంగతి తేలి మందు మార్చేదాకా నేను చూస్తూ ఊరుకున్నాను. భయంతో నా గోలీలు మాత్రం సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టాను. ఎంత సిగ్గుమాలినతనం!

మందు మారాక వణుకు మెల్లగా తగ్గింది. మొన్న అక్క కళ్లద్దాలు పెట్టుకొని తనే దారం ఎక్కించింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడే డాక్టర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. పక్కన పెట్టేసిన ఆ ఫలితాలను మళ్లీ చూస్తామని, ఇద్దరినీ రమ్మని అన్నారు. రేపు ఇంకెవరి చేతులూ వణక్కముందే ఆ ఇంజెక్షన్ పనికొస్తుందని నా ఆశ.

ఇవాళ పొద్దున్నే అక్కకూ చెప్పాను. కుట్టు మిషన్ ఆపింది. నా ముఖం చూడలేదు. లేచి మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

“గోలీ ఏది? నా ముంగట ఎయ్యి.”

ఇప్పుడు ఒక్కనాడూ తప్పడం లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట ఒకసారి చెప్పేశాను కదా. గోలీ మింగి, గంటసేపూ ఆమె ఎదురుగానే కూర్చున్నాను. ఆమె క్షమించలేదు, నేను అడగలేదు. కానీ చాలా ఏళ్ల తర్వాత తల దించుకోకుండా ఆమె చేతుల వైపు చూడగలిగాను.