మావయ్య వీపు

కుర్చీల కార్ఖానాలో పేము అల్లే ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. ఆమె అల్లికలో ఒక్క బద్ద వదులైందని ఇరవై ఏళ్లలో ఎవరూ అనలేదు. అనబోయినవాళ్లు ఆ నోటికి జడిసి ఊరుకున్నారేమో, అది వేరే సంగతి.

ఆమెకు బొమ్మల పిచ్చి. రబ్బరు చాప మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, సిరా అయిపోయిన పెన్నుతో నొక్కి గీస్తే గీత ఉబ్బుతుంది. కుడిచెయ్యి గీస్తుంటే ఎడమచేతి వేళ్లు వెనకే చూసుకుంటూ పోతాయి. కూజా, చెప్పు, పడుకున్న పిల్లి, అన్నీ అయ్యాయి. ఈసారి కాగితాలకు కాగితాలు అతికించి, అసలు ఎంతుంటుందో అంత కుర్చీ గీసింది. దాన్ని చెక్కతో చేయించాలని పట్టుబట్టింది. "మీ మావయ్య చేస్తానంటే చెక్క ఇస్తాను," అని యజమాని తప్పించుకున్నాడు.

మావయ్య అక్కడే పెద్ద వడ్రంగి. ఆమెను పెంచింది ఆయనే. ముక్కు మీద కోపం. నలభై ఏళ్లు చిత్రిక పట్టి నడుం పాడుచేసుకున్నా పైకి చెప్పడు, నలుగురి ముందూ నిటారుగానే నిలబడతాడు. సాయంత్రాలు ఆ వీపుకు మందు రాసేది ఆమే.

కాగితం విప్పగానే ఆయన నవ్వాడు. "ఇదేం కుర్చీ? నాలుగు కాళ్లూ నాలుగు పక్కలకి చాపుకుని, లారీ కింద పడ్డట్టుంది."

"నాలుగున్నాయిగా, నాలుగూ గీశాను. మీరెలా గీస్తారేంటి?"

"వెనక కాళ్లు కాస్త పొట్టిగా గీస్తాం. కంటికి అలాగే కనిపిస్తాయి."

"మరి కోసేటప్పుడు పొట్టిగానే కోస్తావా?"

ఆయన టేపు లాగిన చప్పుడైంది. ఒకసారి కొలిచాడు, మళ్లీ కొలిచాడు. కాళ్లు నాలుగూ ఒక్క కొలతే. ఆ బొమ్మను చూసి నేరుగా రంపం పెట్టొచ్చు.

"కొలతలు బాగానే ఉన్నాయి," అన్నాడు అయిష్టంగా. "కానీ ఈ వీపు పలక ఏంటి, మధ్యలో గూని, కింద ఎడమకి వంకర? దీంట్లో ఏ మనిషి కూర్చుంటాడు? నేను చెయ్యను."

ఆమె ఆ సంగతి చెప్పకూడదనే అనుకుంది. ఇక చెప్పక తప్పలేదు.

"నువ్వే, మావయ్యా. నువ్వు ఏ కుర్చీలో కూర్చున్నా వెనక నా పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటుంది. రోజూ మందు రాసే చేతికి తెలీదా?"

 ఉబ్బిన గీత వెంట ఆయన గోరు పైనుంచి కిందకు మెల్లగా గీరుకుంటూ పోవడం ఆమెకు వినిపించింది. తన వీపును ఆయన ఏనాడూ చూసుకోలేదు.

"ఇంత వంగిందా?"

"అంతే. ఎక్కువా గీయలేదు, తక్కువా గీయలేదు."

ఆ మాట నిజం. ఇష్టమైన మనిషిని ఉన్నదున్నట్టు గీయడం కళ్లున్నవాళ్లకే చేతకాదు, ఆ చేతికి దణ్ణం పెట్టాలి. ఆయన కాగితం చుట్టుకుని లేచి వెళ్లిపోయాడు. కోపంతో వెళ్లాడో, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడో ఆమెకు తెలియలేదు. కాసేపటికి రంపం చప్పుడు మొదలైంది.

పదకొండు రోజులకు కుర్చీ తయారైంది. సీటు ఆమె అల్లింది. ఏ కుర్చీలోనూ కుదురుగా ఆనుకోలేని మనిషి వెనక్కి ఒరిగి, పొడుగ్గా ఊపిరి వదిలాడు. ఆమె పక్కనుంచి చెయ్యి పెట్టి చూసింది. పిడికిలి కాదు కదా, వేలు కూడా దూరలేదు.

"కాస్త ముందుకు జరుగు మావయ్యా, పలక ఎలా కుదిరిందో చూడాలి."

"నేను జరగను," అన్నాడాయన.