వేళ్ళతో ప్రార్థించిన సిస్టరమ్మ

మట్టి బొమ్మకు ఊపిరి పోసి, ఆ ఊపిరిలోనే పాటను కూడా పెట్టి పంపిన దేవునికి ముందుగా స్తోత్రం. మంచి కంఠం ఉన్నవారికీ, గొంతు బొంగురుపోయినవారికీ ఒకే చాప మీద చోటిచ్చిన ప్రభువుకు మహిమ కలుగును గాక. ఆయన కృప వల్లనే ఆయన బిడ్డ ఒకామెను గురించి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, మా హిందూపురం గుడిలో కొత్త కీబోర్డు పెట్టె విప్పారు. వాయించే అమ్మాయి ఒక్కొక్క మీట నొక్కుతూ అందులోని శబ్దాలన్నీ వినిపిస్తోంది. పక్షుల కిచకిచ, వాన చప్పుడు, హెలికాప్టరు, ఎవరో చప్పట్లు కొట్టడం, ఇంకా పేరు తెలియని వింతలెన్నో వచ్చాయి. గుడి ఊడుస్తున్నవాళ్ళు నవ్వుకుంటూ తమ పని తాము చేసుకుంటున్నారు. ఇంతలో ఆ అమ్మాయి వేలు ఆర్గన్ శబ్దం దగ్గర ఆగింది. గదంతా నిండే ఆ బరువైన, వెచ్చని నాదం వినగానే చీపురు పట్టుకున్నామె నిలబడిపోయింది. నేను పాటల పుస్తకాలు సర్దుతున్నదాన్ని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. నా కళ్ళ ముందు తెల్ల చీర, బిగించి కట్టిన ముడి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో సుగుణమ్మ గారు వచ్చి నిలుచున్నారు.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. హిందూపురంలో సగంమందికి పురుడు పోసిన చేతులు కాబట్టి గుడిలోనూ బజారులోనూ అందరికీ సిస్టరమ్మే. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లలు లేరు. ప్రతి ఆదివారం గుడిలో కాళ్ళతో తొక్కే పాత ఆర్గన్ ఆమే వాయించేవారు. తొంభైల మొదట్లో నేను కదిరి నుంచి టీచరు ఉద్యోగం మీద హిందూపురానికి వచ్చాను. మొదటి ఆదివారం నా గొంతు అందరికీ వినబడాలన్నట్టు పాడాను. ఆరాధన అయ్యాక ఆమె నన్ను వేలితో సైగచేసి పిలిచారు.

"యాడ నుంచి వచ్చినావు పాపా?"

"కదిరి నుంచి సిస్టరమ్మా."

"గొంతు బాగుండాది. కానీ నువ్వు పాడతాంటే పక్కనోళ్ళకు ఊపిరి తీసుకునే సందు లేదు. వచ్చే వారం నుంచి ఈడ నా పక్కన కూకో. కొంచెం నోరు మూసుకోవడం నేర్పిస్తా."

అది తిట్టో, దీవెనో తేల్చుకోలేకపోయాను. కానీ మరుసటి ఆదివారం వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె వాయించే పద్ధతి వేరు. పాటలో ఒక చరణం అయిపోగానే తర్వాతి చరణంలోకి దూకరు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న అవ్వలను కళ్ళద్దాల పైనుంచి చూస్తారు. వాళ్ళలో అందరికన్నా ముసలామె ఛాతీ నిండా గాలి పీల్చుకునేదాకా చివరి స్వరాన్ని అలాగే పట్టి ఉంచుతారు. ఆ తర్వాతే వేళ్ళు కదులుతాయి. "అవ్వ ఊపిరి తీసుకుంటే గానీ తర్వాతి మాట మనది కాదు," అనేవారు. బతుకంతా రోగుల ఊపిరిని గమనించిన మనిషికి అది సహజంగా వచ్చిన విద్య అనుకుంటాను. మా సంఘం పాట కొంచెం నిదానంగా సాగేదని బయటివాళ్ళు నవ్వేవారు. కానీ మా పాటలో ఎవరూ వెనకబడిపోయేవారు కాదు.

కొన్నేళ్ళకు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఆర్గన్ తొక్కడం కష్టమైంది. వాయించడం మానేయమని డాక్టరు చెబితే, మానేది తొక్కడమే గానీ వాయించడం కాదని తేల్చిచెప్పారు. అందుకని ఒక ఆదివారం నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆర్గన్ కింద నేల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ పెడళ్ళను నొక్కాను. పైన ఆమె వాయిస్తున్నారు, కింద నేను గాలి కొడుతున్నాను. నా చేతులు అలిసిన చోటల్లా పాట మూలిగేది. బడిలో నా దగ్గర చదువుకునే పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. పాట మధ్యలో సిస్టరమ్మ తల వంచి మెల్లగా, "ఏం పాపా, ఆయాసం వచ్చిన ముసిలోని లెక్క ఊదుతాండావు, ఇంజెక్షన్ వేయాల్నా?" అన్నారు. నవ్వు ఆపుకోలేక నేను నొక్కడం మానేశాను. ఆర్గన్ ఆగిపోయింది. పాస్టరు గారు దగ్గి, నేరుగా ప్రార్థనలోకి వెళ్ళిపోయారు.

అప్పుడే బెంగుళూరులో స్థిరపడిన మా సంఘంవారి కుటుంబం ఒకటి గుడికి సింథసైజరు కానుకగా పంపింది. నల్లటి పొడుగాటి పెట్టె, ఇప్పటి కీబోర్డు లాంటిదే. కరెంటు తప్ప దానికి ఏమీ అక్కర్లేదు. సిస్టరమ్మ దాన్ని మొదట అనుమానంగానే చూశారు. మీటలు నొక్కుతూ, "ఇదేందే, వయొలిన్లు ఉండాయి, గంటలు ఉండాయి, తప్పెట్లు కూడా ఉండాయి. గుడా, సంతా?" అన్నారు. చివరికి ఆర్గన్ అని రాసి ఉన్న మీట నొక్కి, రెండు చేతులూ మీటల మీద ఉంచారు. ఆ నాదం వచ్చింది. నేను కిందికి చూశాను. లేని పెడళ్ళను ఆమె పాదాలు అలవాటుగా తొక్కుతున్నాయి. కొద్దిసేపటికి అవి ఆగాయి. పాట మాత్రం ఆగలేదు. ఆమె ఆశ్చర్యంగా తన కాళ్ళ వైపు చూసుకుని, "వీటికి దేవుడు సెలవిచ్చినాడు," అన్నారు.

ఆ రోజుల్లో ఆమె ఆ పెట్టెలోని శబ్దాలన్నీ ఓపికగా విని, ఆర్గన్, వయొలిన్ల తంతినాదం, గంటలా మోగే ఎలక్ట్రిక్ పియానో మాత్రం ఉంచుకుని మిగతావి పక్కన పెట్టారు. కొత్తవి ఎందుకు వద్దని అడిగితే, "కొత్తవి విన్నప్పుడు జనం పెట్టె వైపు చూస్తారు. ఇవి విన్నప్పుడు కళ్ళు మూసుకుంటారు. మనిషి గొంతుకు చుట్టమైన శబ్దం పాతబడదు పాపా. మీ అమ్మ పిలుపు నీకు ఎప్పుడైనా పాతబడిందా?" అన్నారు. తర్వాత ఎన్ని కీబోర్డులు మారాయో, ఎన్ని వందల శబ్దాలతో వచ్చాయో చూశాను. ప్రతి దానిలోనూ అవి ఉంటాయి. ప్రతి గుడిలోనూ చివరికి వేళ్ళు వాటి దగ్గరికే చేరతాయి.

అయితే ఆ పెట్టెకు ఒక గండం వచ్చింది. రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధన రోజున అందరూ మౌనంగా తలలు వంచి ఉండగా, సిస్టరమ్మ కళ్ళద్దాలు తీసి సింథసైజరు మీద పెట్టారు. అవి ఏ మీటను తాకాయో గాని, పెళ్ళి ఊరేగింపులో వాయించే దరువు గుడి అదిరేలా మొదలైంది. ఎలా ఆపాలో మా ఇద్దరికీ తోచలేదు. నేను వెతుక్కుంటూ పోయి గోడకున్న ప్లగ్గు పీకేశాను. ఆ నిశ్శబ్దంలో సిస్టరమ్మ లేచి, "ఎవురూ ఏమీ అనుకోవద్దండి. అది కొత్తగా సంఘంలో చేరింది, ఇంకా పద్ధతి తెలీదు," అని కూర్చున్నారు.

అందరూ నవ్వారు, ఒక్క దానియేలు గారు తప్ప. ఆయనది ధర్మవరం. పట్టుమగ్గాల యజమాని, హిందూపురం, ధర్మవరం, పెనుకొండ మూడు ఊర్ల సంఘాలకూ పెద్ద. ఆయన మాట దాటి ఏదీ జరగదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారి ఇంట్లో పెద్దలతో పాటు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, వచ్చే నెల పెనుకొండలో జరిగే ఉమ్మడి సభల్లో ఆ పెట్టె కనిపించకూడదనీ, దాన్ని బెంగుళూరుకే తిప్పి పంపాలనీ చెప్పేశారు.

"ఊపిరి గల ప్రతిదీ దేవుని స్తుతించాలని కదమ్మా వాక్యం. ఆర్గన్‌లో గాలి ఆడతాది, సరే. ఈ పెట్టెకి ఊపిరి యాడుండాది?" అన్నారాయన.

సిస్టరమ్మ తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఏమప్పా దానియేలూ, నీ పెద్దకొడుకు పుట్టినప్పుడు ఊపిరి తీయలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద నేను తడితేనే ఏడ్చినాడు. ఊపిరి యాడుంటాదో నాకు చెప్తాండావా నువ్వు? అది పాడేటోళ్ళకు ఉండాల. పెట్టెకెందుకు?"

పెద్దలు నవ్వు దాచుకోవడానికి కాఫీ గ్లాసుల్లోకి చూశారు. దానియేలు గారు మీసం సవరించుకుని కొంచెం దిగివచ్చారు. "సరే సిస్టరమ్మా. పెనుకొండలో ఒక్క పాట వాయించు. జనం పాట చెదరకపోతే పెట్టె ఉంటాది. చెదిరిందా, పోతాది. మళ్ళీ అడగొద్దు."

బయటికి వచ్చాక ఆమె ముఖంలో నవ్వు లేదు. నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ అన్న మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "అందరూ ఎంత చక్కగా ప్రార్థన చేస్తారు పాపా, నీళ్ళు పారినట్ల. నాకు నోటితో రాదు. మొదటి మాట దగ్గరే ఆగిపోతా. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ వేళ్ళతోనే చేస్తాండా. కాళ్ళు పోయినాయి. ఈ పెట్టె కూడా పోతే, నాకు దేవునితో మాట ఉండదు." అంతవరకూ ఆమెను వాయిద్యం వాయించే మనిషిగానే చూశాను. ఆ మెట్ల మీద, ఆమె ప్రతి ఆదివారం మా అందరి ముందూ మోకరిస్తూ ఉన్నారని అర్థమైంది.

సభల రోజున సింథసైజరును దుప్పట్లో చుట్టి ప్యాసింజరు రైల్లో ఎక్కించాం. ఎదురు సీటులోని పెద్దాయన, "ఏముండాది తల్లీ అందులో?" అని అడిగితే, "చంటిబిడ్డప్పా, నిద్రపోతాండాడు, లేపొద్దు," అన్నారామె. ఆయన పెనుకొండదాకా ఆ మూట వైపే అనుమానంగా చూశాడు.

కొండ కింద పెద్ద పందిరి వేశారు. మధ్యాహ్నం ఎండ. కొత్తచెరువు, కనగానపల్లి వైపు నుంచి కూడా జనం వచ్చి చాపల మీద కిటకిటలాడుతున్నారు. దానియేలు గారు వేదిక మీద, పెట్టె కంట పడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. సిస్టరమ్మ మొదటి స్వరం పట్టి, అవ్వల వైపు చూసి, ఊపిరి అందుకోనిచ్చి పాట మొదలుపెట్టారు. మొదటి చరణం చెరువు నిండినట్టు సాగింది. రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు నిలిచాయి. మైకు పోయింది. పెట్టె మూగబోయింది.

పెట్టె ఇక పోయినట్టే అనుకున్నాను. కానీ సిస్టరమ్మ చేతులు ఆగలేదు. శబ్దం లేని ఆ మీటల మీద అదే నిదానంతో, అదే ఓపికతో కదులుతూనే ఉన్నాయి. ముందు వరుస అవ్వలు ఆ చేతులనే చూస్తూ పాడుతున్నారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళు, వాళ్ళను చూసి పందిరి బయట నిలబడ్డవాళ్ళు. చరణం చివర ఆమె వేళ్ళు ఆగితే ఇంతమందీ ఆగారు, ఊపిరి తీసుకున్నారు, మళ్ళీ అందుకున్నారు. ఒక్క గొంతు చెదరలేదు. అయితే ఎండకూ ఉక్కకూ అలిసి, పాట శృతి తెలియకుండానే కొంచెం కిందికి జారింది.

అప్పుడు కరెంటు వచ్చింది. నేను భయపడ్డాను. పెట్టె మొదట పట్టిన శృతిలోనే మోగితే జనం ఒక దారి, వాద్యం ఒక దారి అవుతుంది. ఆమె వెంటనే మోగించలేదు. తల పక్కకు వంచి విన్నారు. ఒక్క వేలితో, తనకు మాత్రమే వినబడేలా వెతుక్కున్నారు. జనం పాడుతున్న చోటు దొరికాక, రెండు చేతులూ అక్కడికి దించి, వాళ్ళ గొంతుల కింద ఆ నాదాన్ని మెత్తగా పరిచారు. వాద్యం ఎప్పుడు కలిసిందో చాలామందికి తెలియనే లేదు.

పాట అయ్యాక దానియేలు గారు కళ్ళు తెరిచి చెమట తుడుచుకుంటూ, "పాట చెదరలేదు. పెట్టె కూడా బాగానే మోగింది," అన్నారు. మధ్యలో అది ఆగిపోయిందని పాస్టరు గారు చెబితే నమ్మలేదు. "యాడ ఆగింది? నేను వింటానే ఉంటి కదా," అన్నారు. నలుగురూ సాక్ష్యం చెప్పాక, "అయితే దానికి ఒక బ్యాటరీ చూడండప్పా. ముసిలామెను అట్ల ఇబ్బంది పెడతారా," అని మమ్మల్నే కోప్పడ్డారు.

తిరుగు రైల్లో నేను అడిగాను. "వాద్యం గట్టిగా మోగించి జనాన్నే పైకి లాక్కొని ఉండొచ్చు కదా సిస్టరమ్మా?"

"వాళ్ళు దారి తప్పలేదు పాపా, అలిసినారు," అన్నారామె కిటికీ బయటికి చూస్తూ. "అలిసినోళ్ళను గుంజకూడదు. మనమే దిగి పోవాల."

ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఆమె వాయించారు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక ఒక వేసవిలో, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళారు. దేవుడే పరలోకం విడిచి, మనం ఉన్న చోటికి దిగి వచ్చాడని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో లెక్కలేదు. దాన్ని కళ్ళారా చూసింది మాత్రం పెనుకొండ పందిట్లో, ఒక నర్సమ్మ చేతుల్లో. ఇప్పటికీ తరగతిలో లెక్క అర్థంకాని పిల్ల ముందు గొంతు పెంచబోయినప్పుడు, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి వాక్యం చెప్పబోయినప్పుడు, ముందు తల పక్కకు వంచి వింటాను. వాళ్ళు ఎక్కడున్నారో దొరికాకే నోరు తెరుస్తాను. తెరవక్కర్లేదని కూడా కొన్నిసార్లు తెలుస్తుంది.

ఇంతవరకూ చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. మాటలు రాకపోయినా ఫరవాలేదు, ఆయన వింటాడు. తండ్రీ, నోటితో ప్రార్థించలేనివారి చేతిపనిని అంగీకరించు. ఈ రోజు పాటలో అలిసిపోయిన ప్రతివారి దగ్గరికీ, వారి శృతి తెలుసుకుని దిగి వెళ్ళగలవారిని పంపు. పంపడానికి ఎవరూ లేకపోతే మమ్మల్ని పంపు. ఆమేన్.