గొళ్లెం లేని పెట్టె

పోయిన వారం భూపాలపల్లిలో మా చెల్లె ఇంటికి వెళ్లాను. చెల్లె అంటే మా బాపు తమ్ముడు, మా చిన్నబాపు బిడ్డ. చలికాలం వస్తున్నది, బొంతలకు గలేబులు, అదే పైతొడుగులు, కుట్టిపెట్టమని పిలిచింది. బట్టలు కుట్టడం నా బతుకుతెరువు. కొలతలూ లెక్కలూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చేస్తూ చేస్తూ చేతికి వచ్చాయి. కనిపించిన ప్రతిదాన్నీ జానతో కొలిచే జబ్బు కూడా అలాగే వచ్చింది. బొంతలు దాచిన నల్ల ఇనుప పెట్టెను కొలిస్తే నాలుగు జానల పొడవు ఉంది. చిన్నప్పుడు అది ఆరు జానలుండేది. మూత మీద తెల్లరంగుతో రాసిన చిన్నబాపు పేరు సగం చెరిగిపోయింది. “పెద్దత్తా, దీనికి గొళ్లెమేది? ఊడిపోయిందా?” అని చెల్లె కోడలు అడిగింది. చెల్లె నా వైపు చూసి నవ్వింది, నన్నే చెప్పమన్నట్టు.

మా చిన్నబాపు మిలిటరీలో హవల్దారు. ఏడాదికి రెండు నెలల సెలవు మీద జనగామ వచ్చేవాడు. ఆయన పెళ్లి కూడా ఒక సెలవులో ఇరికించినదే. అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని ఊళ్లన్నీ లేచి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిన రోజులవి. ఆయన కాజీపేటలో దిగి, ఈ పెట్టెను నెత్తిన పెట్టుకుని కొంత నడిచి, కొంత ఎడ్లబండి మీద ఇల్లు చేరాడట. మానుకోట నుంచి పెళ్లిపిల్ల తరఫువాళ్లు రావడానికి మరికొన్ని రోజులు పట్టింది. పెళ్లయ్యాక సెలవులో మిగిలిన ముక్క ఎంత చిన్నదంటే, చిన్నమ్మ కాళ్ల పారాణి పోకముందే ఆయన తిరుగు రైలెక్కాడు. “నా కోడలు మొగని మొకం సూసింది తక్వ, ఈపు సూసింది ఎక్వ” అని మా అవ్వ, అంటే మా నానమ్మ, ఇంటికొచ్చినవాళ్లకల్లా చెప్పేది.

మా రెండిళ్లకూ వాకిలి ఒక్కటే. సెలవు అయిపోవస్తున్నదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. చిన్నమ్మ సకినాల పిండి కలిపేది. నూనెడబ్బా ఒకటి తోమి ఎండకు బోర్లించేది. చిన్నబాపు అరుగు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టేవాడు. పెట్టె మంచం కిందినుంచి దర్వాజ దగ్గరికి వచ్చేది. ఇక చెల్లె, నడక వచ్చినప్పటినుంచీ, ఆయనతో మాట మానేసి తలకింది మెత్త చంకన పెట్టుకుని మా ఇంట్లోకి వచ్చి నా పక్కన పడుకునేది. పొద్దున ఆయన వెళ్లిపోయాక లేచేది.

ఎనభైలు మొదలైన కొత్తలో చిన్నబాపు పింఛను తీసుకుని మొత్తానికే వచ్చేశాడు. తెల్లవారకముందే లేచి దుప్పటిని ఇటుకలా మడతపెట్టేవాడు. బర్రెను కూడా ఒక వేళకు నీళ్లు తాగమనేవాడు. అది వినలేదు, అది వేరే సంగతి. ఆయనకున్న దిగులల్లా చెల్లె గురించే. తొమ్మిదేళ్ల పిల్ల ఆయన్ని ఒక్కసారి కూడా నాయిన అనలేదు. ఎదురుగా ఉంటే “ఇగో” అనేది, చాటున గల్లీవాళ్లలాగే “మిల్ట్రాయన” అనేది. సైకిల్ మీద ముందర కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పాడు. జామకాయలు కొనిచ్చాడు. అన్నీ తీసుకునేది, ఆ ఒక్క మాట మాత్రం ఇచ్చేది కాదు. చిన్నమ్మ కసిరితే “దాన్నేమనకు, అదే అంటది” అని అడ్డుపడేవాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు ఊరికే బర్రె దగ్గర నిలబడేవాడు.

అట్లా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున వాకిట్లోకి నూనె వాసన వచ్చింది. అవ్వ కర్ర పట్టుకుని వెళ్లింది, వెనకే నేను. పొయ్యి ముందు చిన్నమ్మ సకినాలు కాలుస్తున్నది. డబ్బా ఎండలో బోర్లించి ఉంది. అరుగు మీద చిన్నబాపు వంచిన తల ఎత్తకుండా బూట్లు రుద్దుతున్నాడు.

“ఏందే, పండుగనా పబ్బమా? గీ సకినాలెందుకు?”

“ఆయనకు డబ్బా కట్టొద్దా అత్తా!”

“యాడికి పోతడే వాడు? పించిని తీస్కోని రాలే?”

చిన్నమ్మ జల్లిగంటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నూనెలో సకినాలు నల్లబడ్డాయి. అరుగు మీది చెయ్యి కూడా ఆగిపోయింది. చిన్నబాపు తన బూటు వంక, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత అవ్వ నవ్వింది, చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నవ్వనిది చెల్లె ఒక్కతే. పట్టపగలే మెత్త పట్టుకుని మా గడపలో నిలబడి ఉంది. “నవ్వకక్కా. మల్ల పోతడు” అన్నది.

ఆ మాట చిన్నబాపు విన్నాడు. బూట్లు అక్కడే వదిలి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. “పోను బిడ్డా. ఇగ ఏడికీ పోను.”

“మరి పెట్టెకు తాళమెందుకున్నది?”

ఆయన తిరిగి పెట్టె వైపు చూశాడు. బట్టలన్నీ ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. రోజూ తాళం తీసి అంగీ తీసుకోవడం, ఉతికింది మడిచి మళ్లీ తాళం వెయ్యడం. “అల్మార సగం కాళీ చేసి పెట్టిన. అండ్ల ఒక్క రుమాలు పెట్టలె నీ కొడుకు” అని చిన్నమ్మ అవ్వకు ఫిర్యాదు చేసింది, ఇన్నాళ్లూ దాచుకున్న మాటలా.

చిన్నబాపు లోపలికి వెళ్లి పట్కారు తెచ్చాడు. పెట్టెను వాకిట్లోకి లాగి, గొళ్లేన్ని అటూ ఇటూ వంచి, రేకుతో సహా పెరికి గోడవతలికి విసిరేశాడు. తర్వాత అంగీలు ఒక్కొక్కటీ తీసి చెల్లె చేతికిచ్చాడు. ఆమె ఒక్కొక్కటీ తీసుకెళ్లి అల్మారలో పెట్టి వస్తున్నది. ఆఖరి ఉన్ని బనీను కూడా పెట్టి వచ్చి, పెట్టెలోకి వంగి మూలలన్నీ చూసింది.

“ఇంకేమన్న ఉన్నయా నాయినా?” అన్నది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు మాడిన సకినాలు కూడా మిగలలేదు.

అంతా విన్న చెల్లె కోడలు మూతను మెల్లగా, చప్పుడు కాకుండా వేసింది. చిన్నబాపు ఆ తర్వాత చాలా ఏళ్లు మా మధ్యనే ఉన్నాడు. ఆయన సెలవులు ఏది ఎప్పుడు మొదలై ఎట్లా ముగిసిందో ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను. ఆయన ఉండిపోయిన ఏళ్లను మాత్రం ఎంత లెక్కపెట్టబోయినా, అన్నీ కలిసి ఒక్క రోజులాగే తోస్తాయి.