ఏడో ప్రశ్నకు నేనిచ్చిన ఒక మార్కు

2021 జనవరి పదకొండు, సోమవారం. సూరత్‌లోని ఆల్థాన్‌లో మా భవనం కింద స్కూటర్లు నిలిపేచోట ప్లాస్టిక్ కుర్చీలు దూరం దూరంగా వేసుకుని ఆరుగురం కూర్చున్నాం. అందరికీ మాస్కులు. అందరి చేతుల్లో నాలుగు పేజీల కాగితం. అందులో ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం ఎనభై. పదహారు మార్కులకో నక్షత్రం చొప్పున, అరవై నాలుగు దాటితే ఐదు నక్షత్రాలు. కార్ఖానాల్లో పనిచేసే వాళ్ల పిల్లలను పగలంతా చూసుకునే బాల్‌వాడీలకు వెళ్లి చూసి, మేం ఈ నక్షత్రాలు ఇవ్వాలి.

ఆ కాగితం తెచ్చింది మా నాలుగో అంతస్తు స్నేహితురాలు. ఆమె భర్త హజీరాలో ఇంజనీరు. మాదీ వాళ్లదీ ఒకే జిల్లా, ఇరవై రెండేళ్ల స్నేహం. నన్ను వదినా అని పిలుస్తుంది. మా ఆయన పోయినప్పుడు పదమూడు రోజులూ మా వంటింట్లో నిలబడి వండింది ఆమే. ఒక చిన్న సేవాసంస్థకు ఆమె కార్యదర్శి. సూరత్ దక్షిణపు కొసన పన్నెండు బాల్‌వాడీలు ఆ సంస్థవే. లాక్‌డౌన్‌లో మూతపడ్డవి, ఊళ్లకు పోయిన మగ్గాలవాళ్లు దీపావళి తరువాత తిరిగి రావడంతో మళ్లీ తెరుచుకున్నాయి.

నేను బ్యాంకులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. అందులో చివరి పద్నాలుగు తనిఖీ విభాగంలో. నన్ను పిలిచింది అందుకే.

"ఈ మార్కులతో ఏం చేస్తారు?" అని అడిగాను.

"అమ్మో, నన్నే తనిఖీ చేస్తున్నారా వదినా!" అని నవ్వింది. "ఎవరినీ మూయడానికి కాదులెండి. ఎవరికి ఎక్కడ లోటుందో తెలిస్తే అక్కడ సర్దడానికి. మనిషి తక్కువైతే మనిషిని ఇస్తాం, చాపలు తక్కువైతే చాపలు."

"ఈ మాట అక్కడివాళ్లకు చెప్పొచ్చా?"

"నిక్షేపంగా చెప్పండి."

ఆ సాయంత్రమే డైరీలో ఆమె మాటలను ఆమె మాటల్లోనే రాసుకున్నాను. అప్పుడు అనుమానంతో రాయలేదు, అలవాటుకొద్దీ రాశాను.

పన్నెండు కేంద్రాలూ చివరకు నేనే చూశాను. మిగతా ఐదుగురిలో ముగ్గురికి కరోనా భయం, ఇద్దరికి మోకాళ్లు. నా వయసు అప్పుడు డెబ్భై ఒకటి. రెండు మాస్కులు వేసుకుని, సంచిలో మంచినీళ్ల సీసా పెట్టుకుని, ఆటోలో వెళ్లి ఒక్కో చోట ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా కూర్చునేదాన్ని.

ఉన్ అనే పేటలోని కేంద్రం అన్నింటిలోకీ ముచ్చటగా ఉంది. గోడలనిండా బొమ్మల పటాలు. గుమ్మంలో సబ్బు, నీళ్లు. రిజిస్టర్లకు అట్టలు, అట్టల మీద చీటీలు. పదిహేను మంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అరవై ఎనిమిది వేశాను, న్యాయంగానే వేశాను. వచ్చేస్తుంటే అక్కడి టీచరు చెప్పింది, "రెండేళ్ల లోపు వాళ్లను నేను తీసుకోనండీ. వాళ్లతో పెద్ద ఝంఝట్. మాకొద్దని గేటు దగ్గరే చెప్పేస్తాను." ఆ మాట రాద్దామని కాగితం అటూ ఇటూ తిప్పాను. ఎవరిని చేర్చుకోలేదో అడిగే ప్రశ్న ఆ ఇరవైలో లేదు.

భేస్తాన్ పేటలోని కేంద్రానికి వెళ్లింది ఫిబ్రవరి తొమ్మిది, మంగళవారం. వరుస ఇళ్లలో కింది భాగాన ఒకే గది. దాన్ని నడిపేది తెలంగాణ నుంచి వచ్చిన ఒక మగ్గం కార్మికుడి భార్య. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. పదహారు మంది పిల్లలు, అందులో ఇద్దరు చంటివాళ్లు, ఒకరికి ఐదు నెలలు, ఇంకొకరికి ఏడు. గోడకు ఒక్క పటమూ లేదు. కానీ ఒడియా పిల్లవాడితో ఒడియాలో నాలుగు ముక్కలు, మరాఠీ పిల్లతో మరాఠీలో నాలుగు ముక్కలు, మనవాళ్లతో తెలుగు, అందరినీ కలిపి తిట్టడానికి హిందీ. ఎవరికి ఏ రోజు దగ్గు మొదలైందో నోటికి చెప్పింది. నేను ఆనాటి హాజరుతో సరిచూశాను, ఒక్కటీ తప్పలేదు. మార్కులు బాగానే పడుతున్నాయి.

ఏడో ప్రశ్న: పిల్లల దగ్గర పెద్దవాళ్లు లేని సమయం ఏదైనా ఉందా?

ఆమె నా పెన్ను వంక చూసింది. "రాస్తరా అమ్మా?"

"రాస్తాను."

"మరి పోనని చెప్పాల్నా, పోతనని చెప్పాల్నా?"

"ఉన్నది చెప్పు."

"ఉన్నది చెప్తె మీరు పరేషాన్ అయితరు." నవ్వి, చంటిదాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "రోజూ పోత. పన్నెండు కాంగనే ఈ ఇద్దర్ని ఎత్కొని కార్ఖానా గేటు కాడికి పోత. వీళ్ల అమ్మలు చీరల దారాలు కత్తిరిస్తరు. ఇదివరకు వాళ్లే ఉరికొచ్చి పాలిచ్చి పోయేటోళ్లు. కరోనా ఒచ్చినకాడ్నుంచి బయటికి పోతె మళ్ల లోపలికి రానిస్తలేరు. మరి పాలెట్ల? గందుకే నేనే తీస్కపోత. వాచ్‌మెన్ గదిల కూసోని తాపిస్తరు."

"మిగతా పద్నాలుగు మంది?"

"పండుకుంటరు. బయట గొళ్లెం పెడ్త. పక్కింటి ముసలమ్మ గడప కాడ కూసుంటది. ఆమెకు చెవులు జర తక్కువ గానీ కండ్లు మస్తు."

ఆ రోజూ వెళ్లింది. నేను అక్కడ లేనట్టే అన్నీ జరగాలన్నది నియమం. కాబట్టి నేను కూడా బయటికి వచ్చి ముసలమ్మ పక్కన కూర్చున్నాను. పన్నెండూ పదికి వెళ్లింది, పన్నెండూ యాభైకి వచ్చింది. మధ్యలో పన్నెండూ ముప్ఫై ఒకటికి లోపల ఒక పిల్లవాడు లేచి ఏడ్చాడు. ముసలమ్మకు వినిపించలేదు. ఆరు నిమిషాలు ఏడ్చి, తనంతట తానే ఊరుకున్నాడు. నేను కదలకుండా గడియారం చూస్తూ కూర్చున్నాను. ఈ సంగతి రాయకుండా దాటేయవచ్చు, కానీ జరిగింది అదే.

తిరిగి రాగానే చెప్పాను, "ఈ ప్రశ్నకు ఒకటి వేస్తున్నాను."

"ఒకటంటే ఎక్కువనా తక్కువనా?"

"తక్కువ. దానికంటే తక్కువ లేదు."

"అయితే రాయకు తల్లీ. ఉన్న నౌకరి పోతది."

అప్పుడు నా స్నేహితురాలు చెప్పిన మాటను ఆమెకు అప్పజెప్పాను. మార్కు తక్కువైన చోట మనిషిని ఇస్తారు, దాచిపెడితే నీకు ఇంకో చెయ్యి ఎప్పటికీ రాదు అన్నాను. ఆమె పక్కనున్న పిల్లవాడి ముక్కు తుడిచింది.

"మాటనా?"

"మాట."

"అయితే రాయుండ్రి. ఇద్దర్ని మోస్తుంటె భుజం గుంజుతున్నది."

ఒకటి వేశాను. కింద రిమార్కుల గడిలో చిన్న అక్షరాలతో ఎనిమిది పంక్తులు రాశాను, గేటు సంగతి, పాల సంగతి, గొళ్లెం సంగతి, ఆరు నిమిషాల ఏడుపు సంగతి, రెండో మనిషి తప్పనిసరి అన్న సంగతి. మొత్తం అరవై ఒకటి. నాలుగు నక్షత్రాలు. ఆ అంకె ఆమెకు చెప్పాను కూడా. అరవై ఒకటి అంటే ఫస్ట్ క్లాసేనా అని అడిగి, సిగ్గుపడుతూ నవ్వింది.

మార్చి పన్నెండు, శుక్రవారం ఉదయం ఫోనులో జాబితా వచ్చింది. డైరీ తెరిచి ఒక్కొక్కటే టిక్కు పెట్టాను. పదకొండు కేంద్రాల నక్షత్రాలు నా లెక్కతో సరిపోయాయి. భేస్తాన్‌కు అరవై ఒకటి అని మార్కులు సరిగానే ఉన్నాయి, పక్కన ఒకే నక్షత్రం ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను. కింద రెండు పంక్తులు చదివాక ఆ ఆశ పోయింది. ఒకే నక్షత్రం వచ్చిన కేంద్రాన్ని మార్చి ముప్ఫై ఒకటితో మూసివేస్తున్నారు. పిల్లలు దగ్గరలోని మరో కేంద్రంలో చేరవచ్చు.

నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లాను. కరోనా వచ్చినప్పటి నుంచి నేను లిఫ్టు వాడటం లేదు.

"రండి రండి వదినా, పెసరట్లు వేస్తున్నా."

"అరవై ఒకటికి ఎన్ని నక్షత్రాలు?"

స్టవ్ కట్టేసింది. తెలియనట్టు నటించలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. "ఈ నెల రెండో తారీఖున కమిటీలో ఒక రూలు పెట్టుకున్నాం. ఏ ఒక్క ప్రశ్నకైనా ఒకటి పడితే మొత్తానికి ఒకటే నక్షత్రం."

"నేను అక్కడికి వెళ్లింది ఫిబ్రవరి తొమ్మిదిన."

"అవును."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఒప్పుకునేవారా?"

ఆమే అందుకుంది. "పద్నాలుగు మంది పసివాళ్లు, బయట గొళ్లెం. మీరే రాశారు. ఒకడు ఆరు నిమిషాలు ఏడ్చాడని కూడా మీరే రాశారు. రేపు లోపల ఏ వైరో కాలితే నన్నేం చెప్పమంటారు?"

"దానికి రెండో మనిషిని పెట్టాలి. నువ్విస్తానన్న మనిషిని."

"ఎక్కడి నుంచి తేను? ఈ ఏడాది ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. పన్నెండు నడపలేం, పదకొండైతే నడపగలం. ఏది తీసేయాలో మేమే ఎంచితే పక్షపాతం అంటారు. మీ మార్కులంటే ఎవరూ నోరెత్తరు. మీ సంగతి అందరికీ తెలుసు కదా, అర్ధ మార్కు కూడా ఊరికే వేయరని."

"నా రిమార్కులు కమిటీవాళ్లు చదివారా?"

"నేను చదివాను. వాళ్లు చూసే కంప్యూటర్లో ఆ గడి లేదు వదినా." తరువాత, పెనం వైపు తిరిగి, మెల్లగా అంది, "ఇన్నేళ్లూ అంకెలు అంకెలు అన్నారు. ఇప్పుడు మనుషులంటారేం?"

ఆ గొళ్లెం ప్రమాదమే. నేను వేసిన ఒకటి సరైన ఒకటే. నన్ను కోసింది అది కాదు. జనవరి పదకొండున కుర్చీలో కూర్చుని నవ్విన మనిషి, నా పేరుకున్న కాస్త పరువును, ఎవరూ ప్రశ్నించని పనిముట్టుగా చూసి పెట్టుకుంది. పన్నెండులో ఒకటి పోవాలని ఆమెకు జనవరిలోనే తెలుసో, మార్చిలో తెలిసిందో నేను అడగలేదు. జనవరిలోనే అని చెబుతుందేమోనని భయపడ్డాను.

ఇందులో నా తప్పూ ఉంది. పద్నాలుగేళ్లు తనిఖీ రిపోర్టులు రాసినదాన్ని. రిమార్కులు పైవాళ్లు చదవరని నాకంటే బాగా ఎవరికి తెలుసు? పై పేజీలో అంకె చూసి సంతకం పెట్టేవాళ్లు. అయినా, ఎనిమిది పంక్తులు రాసేసి నా బాధ్యత తీరిందనుకున్నాను. ఏడో ప్రశ్నకు రెండు వేసి ఉంటే అరవై రెండు అయ్యేది, కేంద్రం నిలిచేది. చంటివాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపి ఉంటే ఏడో ప్రశ్నకు ఆమెకు నాలుగు పడేవి. ఈ లెక్క మరునాడు ఉదయం పన్నెండు కాగితాలూ ముందేసుకుని చేశాను. రెండేళ్ల లోపు పిల్లలున్న కేంద్రాలు మూడే. నా మార్కుల్లో చివరి మూడు స్థానాలూ వాటివే. ఈ సంగతి వివరంగా రాసి కమిటీకి ఉత్తరం పంపాను. అందిందని కూడా ఎవరూ చెప్పలేదు.

పదిహేను, సోమవారం భేస్తాన్ వెళ్లాను. ఫోనులో కాకుండా నా నోటితో చెప్పాలనుకున్నాను. అప్పటికే ఎవరో ఫోను చేసి హిందీలో చెప్పేశారు.

"ఒచ్చిండ్రా అమ్మా," అంది, పిల్లల కంచాలు తీస్తూ. "ఒకటే నక్షత్రం అంటగా. అరవై ఒకటి అంటిరి?"

"అరవై ఒకటే. నాకు తెలియకుండా రూలు మార్చారు."

"మీకు తెల్వకుంటనే మార్చిండ్రో, తెలిసే మార్చిండ్రో, నాకేం ఎరుక? మీరు మాట అంటిరి, నేను చెప్తిని." గొంతు పెంచలేదు. "పోనని చెప్తె ఏం అయ్యేది? ఆ ఒక్క దినం పోకుంటె అయిపోయేది. పోరగాళ్లు ఒక్క పూట ఏడ్సేటోళ్లు, గంతే గదా."

చంటివాళ్లను ఏం చేస్తారని అడిగాను. ఒక తల్లి పని మానేస్తుందట. ఇంకొకామె, బడులు ఎలాగూ లేవు కనుక, ఎనిమిదేళ్ల పెద్దకూతురి మీద వదిలి వస్తుందట.

"ఆ పిల్లకు ఎన్ని నక్షత్రాలు ఏస్తరమ్మా?" అని అడిగింది. ఎగతాళి చేసిందో నిజంగా అడిగిందో ఆ ముఖంలో కనిపించలేదు.

పన్నెండూ పది అయింది. పిల్లలు చాపల మీద పడుకున్నారు. ఆమె చంటివాళ్లను చెరో భుజాన వేసుకుంది. నేను అన్నాను, "నువ్వు వెళ్లిరా. వీళ్ల దగ్గర నేను కూర్చుంటాను. ముప్ఫై ఒకటో తారీఖు దాకా రోజూ వస్తాను."

నా వంక చూసింది. "వద్దమ్మా. మీరు బయటికి రాండ్రి."

"నేనేమీ రాయను. పెన్ను కూడా తేలేదు."

"రాండ్రి బయటికి. ఆళ్లకు పాల యాళ్ల అయితున్నది."

సంచి తీసుకుని గడప దాటాను. ఒక చేత్తో చంటిదాన్ని పొదివి పట్టుకుని, రెండో చేత్తో గొళ్లెం పెట్టి, లాగి చూసింది. వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఇద్దరిలో పెద్దవాడు ఆకలికి ఆమె భుజాన్ని చప్పరిస్తున్నాడు. నేను అక్కడ ఉన్నంతసేపూ ఆమె ఆ తలుపు వదలదని అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. అప్పుడు ఆటో స్టాండు వైపు, ఎంత వేగంగా నడవగలనో అంత వేగంగా నడిచాను.