పదకొండు పేజీలు మిగిలాయని

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడిగా ఉంటుంది, కాస్త మాడు వాసన వేస్తుంది. మొన్న చోడవరం బస్టాండు దగ్గర ఎవరిదో ఇంటి ప్లాను కాపీ తీయిస్తుంటే ఆ వాసనకి రాములమ్మ పిన్ని గుర్తొచ్చింది. ఆవిడకి చదువు రాదు. ఆవిణ్ణి కాదని నేను పోగుచేసిన కాగితాలకి మాత్రం ఇదే వాసన.

పిన్ని మా పక్కింటి మనిషి. చుట్టరికం లేదు, పిలుపే. చెరకు నరికే జట్టులో మోపులు లెక్కపెట్టి బండికెక్కించేది. నేను ఏడో తరగతి లెక్కల్లో తప్పి బడి మానేసిన ఏడాది ఆవిడ వెంట రావికమతం వైపు చేలకి వెళ్లేవాణ్ణి. నేను ఒక్కొక్క మోపూ వేలు పెట్టి లెక్కిస్తుంటే పకపకా నవ్వింది.

"ఒరే, అలా లెక్కెడితే బండెల్లిపోద్ది. నాలుగేసి సూడు, పుంజీలు పట్టు. ఐదు పుంజీలెంత?"

"ఇరవై."

"మరి నీకు లెక్కలు రావని ఎవడు సెప్పేడ్రా?"

ఈ రోజు మేస్త్రీగా గోడ పొడవు చూసి ఇటుకల లెక్క చెప్పగలుగుతున్నానంటే, అది ఆ గట్ల మీద నవ్వుతూ నేర్చుకున్నదే.

మూడేళ్ల కిందట మా అమ్మాయి జాహ్నవి బడంటే వణికేది. బోర్డు దగ్గర లెక్క తప్పితే తరగతంతా నవ్విందట. ఆరో తరగతి మధ్యలో మానిపించి ఇంట్లోనే చెప్పాలనుకున్నాం. లెక్కలంటే ఆ భయం పోవాలి, అంతే. కానీ ఏం చెప్పాలో, పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవారు లేరు. పాత పుస్తకాల కోసం విశాఖపట్నం వెళ్లాను. దొరకనివి ఫోన్లో దింపి జిరాక్స్ తీయించాను. మొత్తం తొమ్మిది పుస్తకాలు, 1,368 పేజీలు. సెలవులు పోగా 228 రోజులు. రోజుకి ఆరు పేజీలు. శేషం మిగలకుండా తెగినందుకు మురిసిపోయి పట్టిక గోడకి అంటించాను.

పిన్ని వచ్చి దాన్ని చూసింది. "ఇదేటి బాబూ?"

"సిలబస్ పిన్నీ. ఏ రోజు ఎన్ని పేజీలో."

"జాహ్నవి గుంటని రోజూ ఓ గంట నా కాడికి తోలు. నాకూ తోచట్లేదు."

"పుస్తకాలున్నాయి కదా పిన్నీ. మన రోజులు వేరు."

"నీకు నేనెన్ని పేజీలు సెప్పేనురా?" అని నవ్వి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు.

నాలుగు నెలలు పట్టికలో టిక్కులు తప్పలేదు. ఒకనాడు కొబ్బరిచిప్ప చేతికిచ్చి, "ఇందులో పావు ఎంతే?" అన్నాను. జాహ్నవి బెదిరిపోయి, "అది ఏ పేజీలో ఉంది నాన్నా?" అంది.

ఆ పూటే పిన్ని దగ్గరికి తీసుకెళ్లాల్సింది. భిన్నాల పాఠంలో పదకొండు పేజీలే మిగిలాయి. రెండు రోజుల్లో అయిపోతే పట్టిక చెడకుండా పంపవచ్చనుకున్నాను. రెండో రోజు పొద్దున్న పిన్ని నిద్రలేవలేదు.

జాహ్నవి మళ్లీ బడికి వెళ్తోంది, ఇప్పుడు లెక్కల్లో మంచి మార్కులే వస్తున్నాయి. పెన్సిలు పట్టుకున్న వేళ్లు మాత్రం ఇంకా బిగుసుకునే ఉంటాయి. పోయిన వారం ఉన్నట్టుండి అడిగింది: "నీకు లెక్కలెవరు నేర్పేరు నాన్నా?"

పక్కింటి వైపు చూపించాను.

"అంత దగ్గర్లో ఉంటే నన్నెందుకు పంపలేదు?"

ఏ లెక్కకైనా జవాబు చెప్పి గానీ లేవని మనిషిని. ఆ రోజు లేచి బయటికి వెళ్లిపోయాను.